కింగ్ జేమ్స్ రాజు ఇంగ్లీషు బైబిల్‌ని భక్తితోనే చేయించాడా?

మీరు రాజుగారి భక్తి గురించి అడిగారు. భక్తి ఉంది, కాదనను. కానీ ఆయన్ని కదిలించింది మాత్రం జెనీవా బైబిల్ (అప్పటికే ఇళ్ళల్లో చదువుతున్న పాత ఇంగ్లీషు తర్జుమా) అంచుల్లో అచ్చయిన నోట్స్ అని నా గట్టి అభిప్రాయం.

మాది గుంటూరు వైపు, చర్చిలోనే పెరిగాను. మా యూత్ మీటింగుకి వచ్చిన ఒక ప్రసంగీకుడు, జేమ్స్ రాజుకి దేవుడు కలలో కనబడి ఈ పని అప్పగించాడని చెప్పారు. "అయ్యగారూ, అది ఎక్కడ రాసి ఉందండీ?" అని అడిగాను. "విశ్వాసం ఉన్నవాళ్ళు ఇలాంటివి అడగరు బాబూ" అన్నారు. నాకు చాలా బాధేసింది. ప్రశ్న అడిగితే విశ్వాసం లేనట్టేనా? ఆ పట్టుదలతోనే ఈ చరిత్ర చదివాను.

కల ఎక్కడా లేదు. ఉన్నదల్లా ఒక మీటింగు. స్కాట్లాండ్‌ని ఏలుతున్న జేమ్స్‌కి 1603లో ఇంగ్లండ్ సింహాసనం కూడా దక్కింది. లండన్‌కి వస్తుండగా దారిలోనే ప్యూరిటన్లు (ఇంగ్లండ్ చర్చిలో పాత ఆచారాలు వద్దనే కఠిన ప్రొటెస్టెంట్లు) చర్చిని సంస్కరించమని అర్జీ ఇచ్చారు. దాని మీద 1604 జనవరిలో హాంప్టన్ కోర్ట్ ప్యాలెస్‌లో చర్చ పెట్టాడు. ప్యూరిటన్ల తరఫున పిలిచింది నలుగురినే. రెండో రోజు వాళ్ళు అడిగినవి చాలావరకు కొట్టేశాడు. బిషప్పులు లేకపోతే రాజూ లేడు అని ముఖం మీదే చెప్పాడు. ఆ వేడిలో ఆక్స్‌ఫర్డ్ పండితుడు జాన్ రెయినాల్డ్స్ కొత్త తర్జుమా కావాలన్నాడు. లండన్ బిషప్ బాన్‌క్రాఫ్ట్ వెంటనే అడ్డుపడ్డాడు: అడిగిన ప్రతివాడి మాటా వింటే తర్జుమాలకు అంతు ఉండదని. రాజు మాత్రం ఈ ఒక్క కోరికని పట్టుకున్నాడు. ఉన్నవాటిలో జెనీవాదే అన్నిటికంటే చెడ్డదన్నాడు, కొత్తదానిలో అంచు నోట్స్ ఉండకూడదన్నాడు.

ఏ నోట్స్ అంటే, నిర్గమకాండము మొదటి అధ్యాయంలో మంత్రసానులు ఈజిప్టు రాజు ఫరో ఆజ్ఞ మీరడం న్యాయమే అన్న నోట్ ఒకటి. రాజు మాట కాదనడం న్యాయమని ఇంటింటి బైబిల్లో ఉంటే ఏ రాజు ఊరుకుంటాడు? ఇంకోటి రెండవ దినవృత్తాంతములలో. ఆసా రాజు తన తల్లి మయకాని పదవి నుంచి తీసేస్తే చాలదు, చంపాల్సిందని ఆ నోట్. జేమ్స్ తల్లి మేరీని స్కాట్లాండ్ ప్రభువులు సింహాసనం నుంచి దించారు, 1587లో ఇంగ్లండ్ ప్రభుత్వం ఆమె తల నరికించింది. ఆ నోట్ ఆయన మనసులో ముల్లులా గుచ్చుకుని ఉంటుందని నేను నమ్ముతాను.

ఇక ఖర్చు సంగతి. వెస్ట్‌మిన్‌స్టర్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఆరు బృందాలుగా దాదాపు 47 మంది పండితులు పనిచేశారు. వాళ్ళకి ఖజానా నుంచి జీతాలు లేవు. చర్చి పదవులు ఖాళీ అయితే వీళ్ళకి ఇవ్వండని బిషప్పులకి ఉత్తరం వెళ్ళింది, అంతే. అడిగిన రెయినాల్డ్స్ 1607లోనే పోయాడు, 1611లో వచ్చిన పుస్తకం చూడలేదు. పేరు మాత్రం రాజుది. ఇది నాకు ఇప్పటికీ అన్యాయంగానే అనిపిస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. మన వాట్సాప్ గ్రూపుల్లో కొందరు "కేజేవీ (కింగ్ జేమ్స్ వెర్షన్) ఒక్కటే అసలైన బైబిల్, మిగతావన్నీ కల్తీ" అని ఫార్వర్డ్ చేస్తుంటారు. మన తెలుగు బైబిల్‌ని కూడా దాంతో పోల్చి తప్పులు పడతారు. 1611 ప్రతికి ఆ పండితులే పెద్ద ముందుమాట రాశారు. ఇంగ్లీషులో ఉన్న అతి సాధారణమైన తర్జుమా కూడా దేవుని వాక్యమే అని అందులో స్పష్టంగా ఉంది. ఇప్పటి ప్రతుల్లో చాలావాటిలో దాన్ని వేయడం లేదు. నెట్‌లో దొరుకుతుంది, ఈసారి ఎవరైనా వాదనకి దిగితే ఆ పేజీ పంపండి.