సిగ్నల్ అందని విద్యార్థికి ఇంటర్నెట్ పాఠం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పలాసలో దూరవిద్య వాళ్లకు ఆదివారం తరగతులు నీకు అప్పగించారని తెలిసి చాలా సంతోషించాను. "సగం మందికి సొంత ఫోను లేదు, కొండ వైపు ఊళ్లలో సిగ్నల్ నిలవదు, ఇంటర్నెట్ గురించి ఏం చెప్పను మాస్టారూ?" అని రాశావు. వాళ్లకే ముందు చెప్పాలమ్మా. దొరికే అరగంట తడుముకోవడానికే సరిపోతే ఇక చదువుకునేది ఎప్పుడు?

మొదటి రోజు కంప్యూటర్ జోలికి పోకు. "ఈ", "ఆదివారం", "తరగతి", "లేదు" అని నాలుగు కాగితం ముక్కల మీద రాయించు. ప్రతి ముక్క వెనక దాని వరుస సంఖ్య, మొత్తం ఎన్ని ముక్కలు, ఎవరికి చేరాలి అన్నవి ఉండాలి. ఒక్కోటీ ఒక్కో వరుస మీదుగా చేతులు మారుతూ వెనక బెంచీకి చేరాలి. నేనొకసారి నాలుగో ముక్కను దారిలోనే దాచేశాను. జీడి పరిశ్రమలో పిక్కలు కొట్టే ఒకావిడ, వేళ్లకు జీడి నలుపు ఇంకా వదలలేదు, అందిన మూడింటినీ బల్ల మీద పేర్చి చూసుకుంది. "ఇంతే చదివితే అందరం తరగతికి వచ్చేస్తాం. నాలుగోది మళ్లీ పంపమనండి" అంది. 1983 నుంచి ఇంటర్నెట్ నడుస్తున్న పద్ధతిలో ముఖ్యమైన సంగతిని ఆవిడ తనంత తానే పట్టుకుంది. సమాచారం ముక్కలుగా వెళ్తుంది, అందని ముక్కను పంపిన యంత్రం మళ్లీ పంపుతుంది.

ఇదంతా గాలిలో జరుగుతుందనుకునే వాళ్లకు 2018 అక్టోబరు గుర్తుచేయి. తిత్లీ తుఫాను వెళ్లాక చేతిలో ఫోను ఉన్నా కబురు అందలేదు. టవరుకు కరెంటు కావాలి, దాని వెనక తీగలు కావాలి. ఆ మాట మన జిల్లాలో ఎవరికీ రెండోసారి చెప్పనక్కరలేదు.

డేటా లెక్కకు మాత్రం ఒక పూట పూర్తిగా ఇవ్వు. యూనికోడ్ అంటే ఫోన్లు, కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలనూ గుర్తుపట్టే పద్ధతి; బైటు అంటే డేటాను కొలిచే చిన్న కొలత. యూనికోడ్‌లో టైపు చేసినప్పుడు ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు సాధారణంగా మూడేసి బైట్లు పడతాయి. వెయ్యి గుర్తుల పేజీ మూడు కిలోబైట్లు. అదే పేజీని ఫోటో తీస్తే మూడు మెగాబైట్లు కావచ్చు, అంటే వెయ్యి రెట్లు. నేను మొదట్లో నోట్సు ఫోటోలే పంపాను. అవి తెరుచుకోక మందస వైపు కుర్రాడొకడు కూలి మానుకుని, బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. అతని ఆ రోజు కూలి నా మనసులో ఇప్పటికీ ఉంది. నువ్వు టైపు చేసి పంపు.

సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లేముందే ఏం వెతకాలో ఇంట్లో కాగితం మీద రాసుకోమను. పేజీ తెరుచుకోగానే దాచుకోవడం నేర్పు. కివిక్స్ అనే ఉచిత సాధనంతో తెలుగు వికీపీడియాను ఒకసారి దించుకుంటే ఆ తర్వాత నెట్ లేకుండానే చదవవచ్చు. తరగతి కంప్యూటర్‌లో అది పెట్టించు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నవాళ్లు పని అవగానే ఖాతా నుంచి బయటికి రావాలి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు.

వచ్చే ఆదివారం కత్తెర, కాగితాలు మరచిపోకు. ముక్కల మీద సంఖ్యలు వాళ్ల చేతనే వేయించు.

ఇట్లు,
మీ మాస్టారు