గూట్లో దీపం గురించి రాసేముందు

అమ్మాయీ,

గుడ్లు తగ్గకుండా పెరటి కోళ్ళ గూట్లో లైటు పెట్టడం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది, ఎక్కడా తడబడలేదు. అయినా దాన్ని ఇప్పుడే ఏ పత్రికకీ పంపొద్దంటున్నాను. అందులో కోడి ఉంది, బల్బు ఉంది, విశాఖపట్నం మాత్రం లేదు. పెందుర్తిలోనో గాజువాకలోనో నాలుగు పెట్టల్ని పెంచుకునే ఇల్లాలు నీ మాట నమ్మి, ఆ సాయంత్రమే స్టూలెక్కి బల్బు తగిలిస్తుంది. కథలో పొరపాటు దొర్లితే చదివేవాళ్ళు పుస్తకం పక్కన పడేస్తారు, అంతే. ఇలాంటి రాతలో దొర్లితే అది నోరులేని జీవి మీద పడుతుంది, కరెంటు తీగ పట్టుకున్న చేతి మీద పడుతుంది.

"చలికాలంలో పగలు 8 గంటలకి పడిపోతుంది కాబట్టి 6 గంటలు లైటు వెయ్యాలి" అన్నావు. ఆ 8 గంటల పగలు లండన్‌ది. డిసెంబరు ఆఖర్లో అక్కడ అంత కూడా ఉండదు. మన ఊరు భూమధ్యరేఖకి ఉత్తరాన 18 డిగ్రీల లోపే ఉంది. ఇక్కడ ఎంత పొట్టి పగలైనా 11 గంటలకి తగ్గదు, జూన్‌లో ఎంత సాగినా 13 గంటల పైన మరో పది నిమిషాలు. డిసెంబరు ఆఖర్లో మనకి ఉదయం 6.25 ప్రాంతంలో పొద్దు పొడిచి సాయంత్రం 5.30కి గుంకుతుంది. గుడ్లు పెట్టే కోడికి రోజుకి 14 నుంచి 16 గంటల వెలుగుండాలని కోళ్ళ పెంపకందారులు లెక్క వేసుకుంటారు. 14 చాలనుకుంటే మనం కలపాల్సింది మూడు గంటలే. నువ్వు చెప్పిన 6 గంటలు మన పెట్టకి వేస్తే దానికి నిద్ర కరువవుతుంది. రాత్రి తగినంత చిమ్మచీకటి లేకపోతే అది చిరాకు పడుతుంది, పక్కదాన్ని పొడుస్తుంది.

వెలుగుకీ గుడ్డుకీ ఉన్న సంబంధాన్ని మాత్రం నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది, అక్కడ ఆగాలి. కోడికి వెలుగు కంటిలోంచే కాదు, పల్చటి పుర్రె ఎముకలోంచి కూడా మెదడుకి చేరుతుంది. మెదడు అడుగున హైపోథాలమస్ అనే భాగంలో వెలుగుని పసిగట్టే కణాలున్నాయి. పగలు సాగుతోందని వాటికి తెలిస్తే హార్మోన్ల ద్వారా పిట్యూటరీ గ్రంథికి, అక్కణ్ణుంచి అండాశయానికి కబురు వెళ్తుంది. అందుకే చూపు లేని పెట్ట కూడా వెలుగుకి స్పందిస్తుంది. ఈ సంగతి చెబితే పాఠకులకి మరో రెండు సంగతులు వాటంతటవే అర్థమవుతాయి. కోడికి కావాల్సింది ఎక్కువ గంటల వెలుగు, ఎక్కువ కాంతి కాదు. ఎముకనీ చర్మాన్నీ దాటిపోయే గుణం ఎరుపు, నారింజ రంగు కాంతికి ఎక్కువ కాబట్టి తెల్లగా కళ్ళు చెదిరే బల్బు కన్నా పసుపుపచ్చ ఎల్‌ఈడీ బల్బు నయం. కోడి తల ఎత్తులో పేపరు పట్టుకుంటే అక్షరాలు కనబడాలి, అంత వెలుగు చాలు. పెరటి గూటికి 5 వాట్ల బల్బు సరిపోతుంది. అంతకు మించి వెలిగిస్తే తోకలు పొడుచుకుని రక్తాలు కారేదాకా వస్తుంది. బల్బు మీద దుమ్ము, బూజు పేరుకుంటే వెలుగు బాగా తగ్గిపోతుందని కూడా రాయి. వారానికోసారి గుడ్డతో తుడవమను. ఇలాంటి చిన్న మాటే మనుషులు గుర్తుపెట్టుకుంటారు.

ఆ మూడు గంటలూ ఎప్పుడు కలపాలి? "సాయంత్రం చీకటి పడగానే వెయ్యండి" అన్నావు. ఇది రాసేముందు నువ్వు ఒక్క సాయంత్రం గూటి దగ్గర నిలబడి ఉంటే అలా రాయవు. పొద్దు వాలుతుంటే పెట్టలు ఒక్కొక్కటిగా లోపలికి వస్తాయి. వచ్చిన వెంటనే పడుకునే కర్రెక్కవు. ఇటు చూస్తాయి, అటు చూస్తాయి, మెడ సాచి ఎత్తు అంచనా వేస్తాయి, ఎగిరి కూర్చుంటాయి. తనకన్నా చిన్నదాన్ని పెద్దది నెట్టేస్తుంది, అది దిగి మళ్ళీ ఎక్కుతుంది. ఈ సర్దుబాటంతా మునిమాపు వెలుగు మెల్లగా తగ్గుతుండగా జరుగుతుంది. కోడికి రేచీకటి. రాత్రి ఎనిమిదిన్నరకి టైమరు బల్బుని టక్కున ఆర్పేస్తే నేల మీద ఉన్నది నేల మీదే, నీళ్ళ డబ్బా పక్కనున్నది డబ్బా పక్కనే నిలబడిపోతుంది. తడి ఊకలో తెల్లార్లూ నిలబడాలి, పాము వచ్చినా పందికొక్కు వచ్చినా తప్పుకోలేదు. అందుకని అదనపు వెలుగు తెల్లవారుజామునే కలపాలి. డిసెంబరులో నాలుగింటికి వెలిగి ఆరున్నరకి ఆరేలా టైమరు పెడితే, సాయంత్రం సంధ్యవెలుగు కూడా కలిసి 14 గంటలూ నిండుతాయి. అది కూడా ఒక్కరోజులో కాదు, వారానికి అరగంట చొప్పున పెంచుతూ పోవాలి. ఫలితం రెండు మూడు వారాలకి గానీ కనబడదు. ఆ మాట చెప్పకపోతే నాలుగో రోజునే "గుడ్డేదీ?" అని బల్బు పీకేస్తారు.

పుంజున్న ఇంటివాళ్ళకి ఒక హెచ్చరిక. పుంజు కూత లోపలి గడియారం మీద నడుస్తుందని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2013లో చూపించారు. మసక వెలుగులోనే ఉంచినా అవి తెల్లవారే వేళకి ముందే కూశాయి. అయితే వెలుగు పడ్డా కూస్తాయని అదే పరిశోధనలో తేలింది. గోడకి గోడ ఆనుకున్న కంచరపాలెం సందులో నాలుగింటికి దీపం వెలిగితే ఇరుగుపొరుగుల నిద్ర సంగతి ముందే ఆలోచించుకోవాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. లైటు అందరికీ అవసరమా? దీని మీద నీ అభిప్రాయం వ్యాసంలో ఎక్కడా కనబడలేదు. నా అభిప్రాయం చెబుతాను, నీకు నచ్చకపోతే నీది రాయి. ఇంట్లోకి రెండు గుడ్లు చాలనుకునేవాళ్ళకి లైటు అక్కర్లేదు. పగలు తగ్గేకొద్దీ, ఏడాది దాటిన పెట్ట పాత ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కుంటుంది. ఈకంటే దాదాపు అంతా మాంసకృత్తే. తిన్నదంతా అటు పోతుంది కాబట్టి గుడ్డు ఆగుతుంది. మన దగ్గర ఆ రోజులు ఇంచుమించు కార్తీకంలో పడతాయి. చాలా ఇళ్ళలో ఆ నెల గుడ్డు ముట్టరు. మనమే తినని నెలలో దాన్ని విశ్రాంతి తీసుకోనివ్వడం మంచిది కదా. గుడ్లు అమ్ముకుని బతికేవాళ్ళ లెక్క వేరు, వాళ్ళని తప్పు పట్టొద్దు. "లైటు వేస్తే కోడిలో గుడ్లన్నీ త్వరగా అయిపోతాయి" అన్న మాటని నువ్వు నిజమన్నట్టు రాశావు, అది తీసెయ్యి. పుట్టిన పెట్టలోనే వేల అండాలుంటాయి. జీవితకాలంలో పెట్టేది వాటిలో కొద్ది భాగమే.

ఏ కోడి అన్నది కూడా చెప్పాలి. నాటుపెట్ట పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. 21 రోజులు పొదిగి, ఆ తర్వాత పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతుంది. ఎంత వెలిగించినా దాన్ని గుడ్ల మిషను చెయ్యలేం, చెయ్యాలనుకోవడమూ న్యాయం కాదు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరళ్ళ కోసం తయారుచేసిన రకాల్లో వనరాజా మాంసానికీ గుడ్లకీ, గ్రామప్రియ ముఖ్యంగా గుడ్లకీ ఉద్దేశించినవి. లైటు వల్ల ఏమైనా తేడా కనబడితే గ్రామప్రియ లాంటి వాటిలోనే. ఇంకా గుడ్డుకి రాని లేత పెట్టలకి మాత్రం వెలుగు పెంచకూడదు. ఒళ్ళు ముదరకుండానే గుడ్డు మొదలైతే గుడ్లు చిన్నవొస్తాయి, గుడ్డు దిగే గొట్టం బయటికి జారి పెట్ట చచ్చిపోవచ్చు కూడా. నీ వ్యాసంలో లేని ఈ సంగతికి ఒక పేరా మొత్తం ఇవ్వు.

మే నెల గురించి రాసిన భాగం పూర్తిగా కొట్టెయ్యి. ఎండాకాలంలో గుడ్లు తగ్గితే లైటు గంటలు పెంచమన్నావు. మేలో మన పగలు దాదాపు 13 గంటలు, వెలుగుకి కొదవే లేదు. సముద్రపు ఉక్కపోతలో కోడి నోరు తెరిచి, రెక్కలు ఎడంగా పెట్టి రొప్పుతుంటుంది. మేత తినదు, అందుకే గుడ్డు తగ్గుతుంది. దానికి కావాల్సింది నీడ, చల్లటి నీళ్ళు, గాలి. అలాంటి గూట్లో వేడెక్కే బల్బొకటి వేలాడదీస్తే దాన్ని చేతులారా బాధపెట్టినట్టే. చలికాలంలో పెద్ద కోళ్ళకి వేడి బల్బు పెట్టమన్నదీ మంచు దేశాల మాటే. మన డిసెంబరు చలి ఈకలున్న కోడికి లెక్కలోది కాదు. వేడి కావాల్సింది రోజుల పిల్లలకి. మొదటి వారం 32 నుంచి 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించాలి. పిల్లలు బల్బు కింద ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలి, గోడవారకి పారిపోతే వేడి ఎక్కువ.

లైటు దాకా పోకముందే చూడాల్సినవి ఉన్నాయి. పెట్ట గుడ్లు మానేసిందా, కట్టెల మోపు వెనక దాచి పెడుతోందా? పేలు పట్టాయా? మేత ఏమిటి? వట్టి నూకలు, తౌడు మీద వెలుగు పెంచితే ఒంట్లో ఉన్న సున్నమే గుడ్డు పెంకుకి పోయి కాళ్ళు పడిపోతాయి. ఆల్చిప్పలు మన ఇసుకలో బోలెడు దొరుకుతాయి. ఉప్పు పోయేలా కడిగి, ఎండబెట్టి, నలగ్గొట్టి పెట్టమని రాయి. రాసేముందు ఒక పెట్టని చంకలో పెట్టుకుని తోక కింద, బిలానికి అటూ ఇటూ ఉన్న రెండు ఎముకల మధ్య వేళ్ళు ఆనించి చూడు. మూడు వేళ్ళు పడితే అది గుడ్లు పెడుతోంది. ఒక్కటే ఇరుకుగా పడితే ఆపేసింది. నెత్తి మీద జుట్టు ఎర్రగా నిగనిగలాడుతోందా, పాలిపోయి ముడుచుకుందా చూడు. అది చేసి రాసిన వాక్యం ఎక్కడో చదివి రాసిన వాక్యంలా ఉండదు, ఆ తేడా నీకే తెలుస్తుంది.

కరెంటు గురించి ఎంత రాసినా ఎక్కువ కాదు. గూట్లో ఉండేదంతా ఊక, ఎండు ఈకలు, దుమ్ము. పైన తాటాకు కప్పుంటే ఇక చెప్పక్కర్లేదు. మన ఉప్పుగాలికి హోల్డరు పిన్నులు చిలుమెక్కి నిప్పురవ్వలు వస్తాయి. ఎలుకలు తీగ కొరుకుతాయి. టేపు చుట్టిన అతుకులు వానలో పనికిరావు. తీగ గొట్టంలోంచి రావాలి, స్విచ్చి గూటి బయట ఉండాలి, బల్బుకి జాలీ ఉండాలి, కోడి ఎగిరినా తగలని ఎత్తులో గట్టిగా బిగించాలి. వైరింగు తెలిసిన మనిషి చేతే చేయించమని రాయి. డబ్బు దండగని ఎవరైనా అంటారని వెనకాడకు.

హుద్‌హుద్ ప్రస్తావన కూడా తీసుకురా. 2014 అక్టోబరు 12న తుపాను కొట్టాక మన నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. లైటుకి అలవాటుపడిన పెట్టకి రెండు మూడు గంటల వెలుగు ఒక్కసారిగా పోతే గుడ్డు ఆపి ఈకలు రాల్చేస్తుంది. అక్టోబరు, నవంబరు మనకి తుపాన్ల కాలం, లైటు వెయ్యడం మొదలుపెట్టేదీ అప్పుడే. బ్యాటరీతో వెలిగే చిన్న లైటు ఒకటి దగ్గర ఉంచుకోమని చెప్పు. లేదా తుపాన్లు వెళ్ళాక, డిసెంబరులో మొదలుపెట్టమను. నేనైతే రెండోదే చెబుతాను.

వ్యాసాన్ని ఈసారి సాయంత్రం గూటి దగ్గర నువ్వు చూసిన దానితో ఎత్తుకో. మన పొద్దు లెక్క రెండో పేరాలో రావాలి. లేత పెట్టల జాగ్రత్త, తీగల జాగ్రత్త ఆఖర్లో ఇరికించకు, చాలామంది అక్కడిదాకా చదవరు. నిడివి గురించి బెంగ వద్దు, మే నెల భాగం పోతే చోటు అదే వస్తుంది. పశువైద్యుడికి ఒకసారి చూపించి, ఆయన దిద్దిన కాగితం కూడా జతచేసి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ పెద్దమ్మ లాంటిదాన్ని
విశాఖపట్నం