ట్యాంకు ఫుల్ చేస్తే ఇద్దరం ఎక్కకూడదా?

ప్రశ్న: సార్, లైట్ స్పోర్ట్ విమానం అంటే రెండు సీట్లు కదా. ఫ్లయింగ్ నేర్చుకుంటున్న మా ఫ్రెండేమో, ట్యాంకు ఫుల్‌గా ఉంటే కాస్త ఒళ్ళున్న మనుషులు ఇద్దరు ఎక్కడానికి లేదంటాడు. మరి రెండో సీటు ఎందుకండీ, షోకా?

జవాబు: షో కాదు గానీ మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే. అమెరికాలో 2004లో ఈ క్లాసుకి రూల్స్ పెట్టినప్పుడు టేకాఫ్ బరువు 600 కిలోలు దాటకూడదన్నారు, నీళ్ళ మీద దిగేవాటికైతే 650 (2025లో ఈ రూల్స్ సడలించారు లెండి, కానీ పాత రూల్స్ కింద తయారైన విమానాలకి ఈ లెక్కే). విమానం సొంత బరువు, మనుషులు, పెట్రోలు, బ్యాగులు అన్నీ ఆ 600లోనే సర్దుకోవాలి. ఖాళీ విమానం 350 అనుకోండి, మిగిలింది 250, చెరో 85 కిలోల వాళ్ళు ఇద్దరు కూర్చుంటే 170 పోయి 80 మిగుల్తాయి, పెట్రోలు లీటరుకి సుమారు 0.72 కిలో కాబట్టి వంద లీటర్లు పోస్తే 72, ఇక చేతిలో ఉన్నది 8 కిలోలు. అందులోనే బ్యాగులు, నీళ్ళ బాటిళ్ళు. ఇద్దర్లో ఒకళ్ళు 95 ఉన్నారా, ఆ తేడా పెట్రోల్లోంచి తీసెయ్యాల్సిందే.

పెద్ద కంపెనీలకే ఈ లెక్క సరిగ్గా కుదర్లేదండీ. సెస్నా వాళ్ళ స్కైక్యాచర్ చూడండి, పాత తరం కాంటినెంటల్ ఇంజిన్ పెట్టారు, ఖాళీ బరువే దాదాపు 375 అయింది, 90 లీటర్ల ట్యాంకు నింపితే మనుషులకి మిగిలేది 160 లోపే. 2013లో తయారీ ఆపేశారు (దానికి ధర లాంటి వేరే తలనొప్పులూ ఉన్నాయి లెండి). కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, బ్రోషర్‌లో రాసిన ఖాళీ బరువు నమ్మకండి, మీరు కొనబోయే ఆ విమానాన్నే రేడియోలు, స్క్రీన్లు, ప్యారాచూట్ (ఆపదలో మొత్తం విమానాన్నే దించేది) అన్నీ బిగించాక తూకం వేసిన కాగితం అడగండి. ఒక్క ప్యారాచూటే పది కిలోల పైన ఉంటుంది. ఇంతా చేసి, 100 హార్స్‌పవర్ ఇంజిన్ క్రూయిజ్‌లో, అంటే పైకెళ్ళాక నిలకడగా ఎగిరేటప్పుడు, గంటకి 18, 20 లీటర్లు తాగుతుంది, ఓ గంటన్నర తిరిగొచ్చేవాళ్ళు సగం ట్యాంకు పైన పోసుకుని రిజర్వుతో సహా హాయిగా వెళ్ళిరావచ్చు, గొడవంతా దూరం వెళ్దామనుకున్నప్పుడే.

ప్రశ్న: ఇంకాస్త పెద్ద ఇంజిన్ పెట్టేస్తే స్పీడు పెరుగుతుంది కదా, ఎందుకు పెట్టరు?

జవాబు: పెరుగుతుంది, కానీ మీరనుకున్నంత కాదు. గాలి అడ్డు స్పీడుకి వర్గంలో పెరుగుతుంది, దానికి కావాల్సిన పవరేమో ఘనంలో పెరుగుతుంది. అంటే పది శాతం స్పీడు ఎక్కువ కావాలంటే పవర్ 33 శాతం ఎక్కువ కావాలి, ఆ ఇంజిన్ బరువూ దాని పెట్రోలూ మళ్ళీ పైన చెప్పిన 600లోంచే పోతాయి. పైగా ఆ 2004 రూల్స్‌లో లెవెల్‌లో, అంటే ఎక్కకుండా దిగకుండా ఎగిరేటప్పుడు, 120 నాట్లు (గంటకి సుమారు 222 కిలోమీటర్లు) దాటకూడదని కూడా ఉంది.

పోనీ రెక్క చిన్నది చేసి గాలి అడ్డు తగ్గిద్దామా అంటే అక్కడ ఇంకో తాళం వేశారు, స్టాల్ స్పీడు (అంతకన్నా తగ్గితే రెక్క విమానాన్ని మోయలేదు) 45 నాట్లు మించకూడదు, అదీ ఫ్లాప్స్ (నెమ్మదిగా ఎగిరేటప్పుడు రెక్క మోసే బలం పెంచడానికి దాని వెనక దించే పలకలు) దించకుండా. నాకు బాగా నచ్చే రూల్ ఇదే, ఫ్లాప్స్ పెద్దవి పెట్టి తప్పించుకోవడానికి లేదు. 600 కిలోల్ని 45 నాట్ల దగ్గర మోయాలంటే మామూలు రెక్కకి దాదాపు 12 చదరపు మీటర్లు కావాలి. అందుకే ఏ కంపెనీ విమానం చూసినా రెక్క కాస్త అటూ ఇటూగా అంతే ఉంటుంది.

ప్రశ్న: ఈ విమానాల్లో ఎక్కువగా వాడే రోటాక్స్ ఇంజిన్ 5800 ఆర్‌పీఎం తిరుగుతుందట, ప్రొపెల్లర్ కూడా అంతేనా?

జవాబు: అమ్మో, అంత తిప్పితే ఇంకేమన్నా ఉందా! 1.7 మీటర్ల ప్రొపెల్లర్‌ని ఆ స్పీడులో తిప్పితే దాని కొసలు సెకనుకి 500 మీటర్లు దాటతాయి, శబ్దం స్పీడే సుమారు 340. చెవులు చిల్లులు పడే మోత తప్ప లాగే బలం పెద్దగా రాదు. అందుకే మధ్యలో గేర్‌బాక్స్ ఉంటుంది, రోటాక్స్ 912 యూఎల్‌ఎస్ అనే మోడల్‌లో 2.43కి 1, అంటే ప్రొపెల్లర్ 2400 లోపే తిరుగుతుంది. ఇంజిన్ 1352 సీసీనే, కారు ఇంజినంత, చిన్న ఇంజిన్‌ని వేగంగా తిప్పి తక్కువ బరువులో 100 హార్స్‌పవర్ తీస్తున్నారన్నమాట. ఆ 5800 కూడా ఐదు నిమిషాలకే, తర్వాత 5500కి దించాలి.

ప్రశ్న: ఒకసారి ఎక్కాను సార్, కొంచెం గాలికే కుదిపేసింది. విమానంలో ఏదన్నా లోపమా?

జవాబు: లోపం కాదు. ఇందులో రెక్క చదరపు మీటరుకి మోసేది 50 కిలోలే, పెద్ద జెట్లలో అది 600 పైన. తేలిక కాబట్టి ప్రతి గాలికీ ఊగుతుంది. పొద్దున్నే వెళ్ళండి, నేల వేడెక్కకముందు గాలి నెమ్మదిగా ఉంటుంది. నేర్చుకునేటప్పుడు ల్యాండింగ్‌లో పది నాట్లు ఎక్కువ పెట్టుకుని వస్తే సేఫ్ అనుకుంటారు చాలామంది, ఇది దిగనంటుంది, రన్‌వే మీద తేలుకుంటూ పోతూనే ఉంటుంది.