నెలకో ఇంజెక్షన్ వస్తుందని రోజువారీ గ్రోత్ హార్మోన్ ఆపవచ్చా?

ప్రశ్న: మా బాబుకు 9 ఏళ్లు. గ్రోత్ హార్మోన్ లోపం ఉండటంతో ఏడాదిగా రోజూ రాత్రి ఇంజెక్షన్ ఇస్తున్నాం. సూది చూస్తే చాలు, ఏడుస్తాడు. మా బావగారికి పిట్యూటరీ కణితి ఉంది. ఆయనకు ఆక్ట్రియోటైడ్ నెలకు ఒక్కసారే వేస్తున్నారు. మందును సన్నని పాలిమర్ గుళికల్లో పెడతారట. మా బాబుకు అలాంటిది లేదా? వచ్చేదాకా ఇంజెక్షన్లు ఆపవచ్చా? ఆ ప్లాస్టిక్ ఒంట్లో ఉండిపోదా? - ఒక తల్లి

జవాబు: ఆపకండి, అమ్మా. పిల్లలు పొడవు పెరిగేది ఎముకల చివర ఉండే ఎదుగుదల పొరల వల్ల. యుక్తవయసు పూర్తయ్యేసరికి అవి మూసుకుపోతాయి. ఆ తర్వాత ఎంత హార్మోన్ ఇచ్చినా ఎత్తు పెరగదు. ఇప్పుడు చేజారిన నెలలను పూర్తిగా రాబట్టుకోగలమన్న భరోసా లేదు.

ప్లాస్టిక్ గురించి మీ భయం సహజమే, కానీ ఆ గుళికలు ఒంట్లో ఉండిపోవు. వాటిని మైక్రోస్ఫియర్లు అంటాం. లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాలను గొలుసుగా కలిపి ఆ పాలిమర్‌ను తయారు చేస్తారు. ఆపరేషన్లలో వాడే, వాటంతటవే కరిగిపోయే కుట్ల దారాలూ ఈ జాతివే. ఒంట్లోని నీరు తగిలే కొద్దీ గొలుసు తెగి, చివరకు బొగ్గుపులుసు వాయువు, నీరుగా మారిపోతుంది. ఈలోగా లోపలి మందు వారాల తరబడి కొద్దికొద్దిగా బయటికి వస్తుంది. మీ బావగారికి వేసేటప్పుడు గమనించండి: మందును ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రానిస్తారు, పొడి ద్రవంలో పూర్తిగా తడిశాక కలుపుతారు, కలిపిన వెంటనే పిరుదు కండరంలోకి ఎక్కిస్తారు. ఆలస్యమైతే గుళికలు అడుగున పేరుకుంటాయి.

మరి ఆయనకు కుదిరింది బాబుకు ఎందుకు కుదరదు? ప్రొటీన్ గొలుసులోని ఒక్కో పూసను అమైనో ఆమ్లం అంటాం. ఆక్ట్రియోటైడ్‌లో ఉన్నవి 8 అమైనో ఆమ్లాలే. గ్రోత్ హార్మోన్‌లో 191. అంత పొడవైన గొలుసు ఒక నిర్దిష్టమైన ఆకారంలో మడత పడి ఉంటేనే పని చేస్తుంది. ఆ మడత విడిపోతే, ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిగుడ్డు కానట్టే, చాలాసార్లు తిరిగి సరికాదు. గుళికల తయారీలో వాడే రసాయన ద్రావకాలు, నీరు కలిసే చోటే ప్రొటీన్ దెబ్బతినవచ్చు. ఆ గండం దాటినా, ఒంట్లో పాలిమర్ కరిగేటప్పుడు గుళిక లోపల ఆమ్లం పోగై మిగిలిన హార్మోన్‌ను పాడుచేస్తుంది. పాడైన ప్రొటీన్ సరిగా పనిచేయదు, పైగా దానిపై శరీరం యాంటీబాడీలు తయారు చేసుకునే ప్రమాదం ఉంది. ఇంకో చిక్కు, గుళికల పైపైన అంటుకుని ఉన్న మందు మొదటి రోజే ఒక్కసారిగా రక్తంలోకి వచ్చేయడం.

ఇన్ని అడ్డంకులున్నా ఒకసారి సాధించారు, ఆ ప్రయత్నమంటే నాకు చాలా గౌరవం. హార్మోన్‌ను జింక్‌తో కలిపి స్థిరపరచి, అతిశీతల పద్ధతిలో గుళికలు చేశారు. న్యూట్రోపిన్ డిపో పేరుతో 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. నెలకు ఒకటి రెండుసార్లు వేస్తే చాలు. కానీ పిల్లల బరువును బట్టి ఒకేసారి ఒకటి కంటే ఎక్కువ చోట్ల పొడవాల్సి వచ్చేది. సూదీ లావు. పొడిచిన చోట నొప్పి, గడ్డలు మామూలే. తయారీ, సరఫరా భారం ఎక్కువ కావడంతో 2004లో దాన్ని ఆపేశారు. సూది సంఖ్య తగ్గినంత మాత్రాన బిడ్డ కష్టం తగ్గదని ఈ అనుభవం చెబుతోంది. అందుకే నెల ఇంజెక్షన్ కోసం ఎదురుచూడమని నేను చెప్పను.

అయితే వారానికోసారి ఇచ్చేవి ఇప్పుడు ఉన్నాయి: లోనాపెగ్‌సోమాట్రోపిన్, సోమాట్రోగాన్, సోమాపాసిటాన్. వీటిలో గుళికలుండవు. హార్మోన్ అణువునే మార్చడమో, దానికి మరొకటి తగిలించడమో చేసి రక్తంలో ఎక్కువకాలం నిలిచేలా చేశారు. అమెరికాలో పిల్లలకు వీటికి 2021, 2023 మధ్య అనుమతులు వచ్చాయి. బాబుకు సరిపడేది ఉందా అని మీ ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టర్‌ను, తప్పక అడగండి. మారేటప్పుడు ఏ రోజు ఏది మొదలుపెట్టాలో ఆయనే చెప్పాలి.

అంతవరకు రాత్రి ఇంజెక్షన్‌ను కాస్త తేలిక చేయవచ్చు. తొడ, పొట్ట, పిరుదు, ఇలా రోజుకో చోటు మార్చండి, ఆ చోటును బాబునే ఎంచుకోనివ్వండి. ఆ చిన్న అధికారం దొరికితే చాలామంది పిల్లల్లో ఏడుపు తగ్గుతుంది. మందు చల్లగా ఉంటే మంట ఎక్కువ కాబట్టి, ఇంజెక్షన్ పెన్నును ఫ్రిజ్ బయట ఎంతసేపు ఉంచవచ్చో దానితో వచ్చిన కాగితంలో చూసి ఆ మేరకు చల్లదనం పోనివ్వండి. ఒక రోజు తప్పితే మర్నాడు రెండింతలు ఇవ్వకండి. తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, తుంటి లేదా మోకాలి నొప్పితో కుంటడం కనిపిస్తే మాత్రం తదుపరి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా అదే రోజు డాక్టర్‌కు ఫోను చేయండి.