పాత సామాన్లతో చిన్న ఆవిరి ఇంజను చేయవచ్చా? ఖాళీ స్ప్రే డబ్బా బాయిలర్‌గా పనికొస్తుందా? (చెన్నై)

ఇంజను చేయవచ్చు. స్ప్రే డబ్బా మాత్రం వద్దు: పల్చటి రేకు, పీడనం ఎక్కువైతే ఆవిరిని వదిలేసే సేఫ్టీ వాల్వు ఉండదు, పగిలితే ముఖం మీదికే.

మొదటిసారికి ఊగే సిలిండరు రకం మేలు. విడిగా వాల్వులుండవు. సిలిండరే ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంటే, దాని రంధ్రం ఒకసారి ఆవిరి వచ్చే దారికి, ఇంకోసారి బయటికి పోయే దారికి ఎదురుగా వస్తుంది. అందుకే సిలిండరూ, ఆ దారులున్న పలకా ఆనుకునే రెండు ముఖాలూ నున్నగా, సమంగా ఉండాలి. సగం శ్రమ అక్కడే. సిలిండరుకి ఇత్తడి గొట్టం, పిస్టన్‌కి అందులో బిగుసుకోకుండా జారే ఇత్తడి కడ్డీ. ఇంజను ఆగకుండా సమంగా తిరిగేలా చేసే ఫ్లైవీలుగా పనికొచ్చే బరువైన చక్రం చెన్నై పుదుపేటలో పాత బండి సామాన్లలో వెతకండి.

బాయిలర్‌కి మందపాటి రాగి గొట్టం. తగరం-సీసం టంకం 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, నీళ్లు ఇంకిపోతే అతుకు ఊడుతుంది. అందుకే బ్రేజింగ్ (టంకం కంటే ఎక్కువ వేడికి కరిగే లోహంతో అతకడం) తెలిసిన ఏసీ మెకానిక్‌తో అతికించండి. సేఫ్టీ వాల్వు తప్పనిసరి. మంట పెట్టేముందు నిండుగా నీళ్లు నింపి, నడిపే పీడనానికి రెట్టింపుతో పరీక్షించండి. గాలితో ఈ పరీక్ష వద్దు, అతుకు పోతే పేలుతుంది. ఇంజనును మాత్రం ముందు సైకిల్ పంపుతో తిప్పి చూడొచ్చు.