తెల్ల సిల్కీ పెట్టకి నల్ల పుంజును కలిపితే బ్లూ పిల్లలు ఎందుకు రాలేదు?

మీ ప్రశ్న: తెల్ల సిల్కీ (పట్టులాంటి మెత్తటి ఈకలు, నల్ల చర్మం ఉండే కోడిజాతి) పెట్టల దగ్గర నల్ల పుంజును వదిలారు, రెండు రంగులూ కలిసి బ్లూ, అంటే బూడిద నీలం, పిల్లలు వస్తాయనుకున్నారు. వచ్చినవన్నీ నల్లవే. పైగా ఆరో నెలలో పుంజుపిల్లల మెడ మీద, భుజాల మీద రాగిరంగు తేలింది. ఇప్పుడేం చేయాలి?

తేడా తెల్ల పెట్టల్లోనే ఉంది. సిల్కీల్లో తెలుపు చాలావరకు రంగు కాదు, రంగు మీద కప్పిన ముసుగు. ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అందితేనే పిల్ల తెల్లగా ఉంటుంది. ఒక్కటే అందితే ముసుగు పోయి కింద ఉన్నది బయటపడుతుంది. కింద ఏముందో పెట్టను ఎంత చూసినా తెలీదు. బఫ్ (లేత బంగారు రంగు) ఉండొచ్చు, పార్ట్రిడ్జ్ (గోధుమ రంగు మీద నల్ల గీతలు) ఉండొచ్చు, అడ్డచారలు ఉండొచ్చు. మీ పెట్టల కింద బంగారు ఛాయ ఉన్నట్టుంది. పుంజు ఇచ్చిన నలుపు దాన్ని చాలావరకు కప్పింది, పూర్తిగా కప్పలేకపోయింది. పెట్టపిల్లల్లో ఇది అంతగా కనపడదు. పుంజుల్లో మాత్రం పెద్ద ఈకలు వచ్చేసరికి మెడా భుజాలూ పట్టిచ్చేస్తాయి. దీన్నే పెంపకందార్లు లీకేజీ అంటారు.

బ్లూ అన్నది నలుపూ తెలుపూ కలిపితే వచ్చేది కాదు. నలుపును పలచన చేసే జన్యువు వేరే ఉంది. అది ఒక కాపీ ఉంటే బ్లూ, రెండు ఉంటే స్ప్లాష్, అంటే మాసిన తెలుపు మీద బూడిద నీలం చిందినట్టు ఉండేది. అసలు లేకపోతే నలుపు. కాబట్టి:

నలుపు, స్ప్లాష్ కలిపితే అన్నీ బ్లూ.
నలుపు, బ్లూ కలిపితే సగం నలుపు, సగం బ్లూ.
బ్లూ, బ్లూ కలిపితే పావు నలుపు, సగం బ్లూ, పావు స్ప్లాష్.
బ్లూ, స్ప్లాష్ కలిపితే సగం బ్లూ, సగం స్ప్లాష్.

ఈ సగాలూ పావులూ చాలా గుడ్ల మీద తేలే లెక్కలు. 8 గుడ్లలో 6 నల్ల పిల్లలు వచ్చాయని లెక్క తప్పిందనుకోకండి. ఒక్క నలుపు-స్ప్లాష్ జతలోనే అనుమానం ఉండదు, మీకు నేను చెప్పేదీ అదే. స్ప్లాష్ కొనేటప్పుడు దాని తల్లిదండ్రులు నలుపు, బ్లూ, స్ప్లాష్ కుటుంబంలోవేనా అని అడగండి. తెలుపు నుంచి వచ్చినదైతే మళ్ళీ మొదటికే వస్తారు. తరతరాలుగా బ్లూకి స్ప్లాష్‌నే కలుపుతూ పోతే రంగు వెలిసినట్టవుతుంది. అప్పుడప్పుడు మంచి నల్ల పక్షిని లోపలికి తేవాలి.

లావెండర్‌ని చూసి బ్లూ అనుకుని కొనేవాళ్ళు చాలామంది. బ్లూ పుంజుకి నెత్తి మీది కుచ్చు, మెడ తరచూ ఒంటికన్నా ముదురుగా ఉంటాయి. లావెండర్ తల నుంచి తోక దాకా ఒకటే లేత బూడిద. తేలకపోతే నల్ల పక్షితో కలిపి చూడండి: పిల్లలన్నీ నల్లగా వస్తే అది లావెండర్, ఎందుకంటే దానికి రెండు కాపీలు కావాలి. లావెండర్‌ని లావెండర్‌తోనే కలుపుతూ పోతే ఈకలు పీలికలవుతాయి. మధ్యలో నలుపుకి కలిపి, ఆ పిల్లల్ని తిరిగి లావెండర్‌కి కలిపితే సగం లావెండర్లు వస్తాయి, ఈక కూడా బాగుపడుతుంది.

చాక్లెట్‌ది ఇంకో దారి, అది లింగంతో ముడిపడిన జన్యువు. చాక్లెట్ పుంజుని నల్ల పెట్టకి వదిలితే పెట్టపిల్లలన్నీ చాక్లెట్, పుంజుపిల్లలన్నీ నలుపు. తిరగేసి కలిపితే ఒక్కటీ చాక్లెట్ రాదు. పెయింట్, అంటే తెలుపు మీద నల్ల మచ్చలవి, నలుపుతో కలిపితే సగం పెయింట్ వస్తాయి. కానీ పెయింట్‌లో చర్మం చూడకుండా జత కట్టొద్దు. రొమ్ము దగ్గర ఈకలు వేళ్ళతో విడదీసి వెలుతురులో చూడండి. ముఖం ముదురు వంగపండు రంగులో ఉన్నా, కింద చర్మం మీద గులాబీ మచ్చలు ఉండొచ్చు. అలాంటి రెండింటిని కలిపితే పిల్లల్లో ఆ మచ్చలు ఇంకా పెరుగుతాయి. అడ్డచారల జన్యువు కూడా చర్మం రంగును పలచన చేస్తుంది. సిల్కీకి నల్ల చర్మం పోతే ఈక రంగు ఎంత బాగున్నా ఏం లాభం?

ఇక గూటి పని. పుంజును మార్చగానే ఏరిన గుడ్లను కొత్త పుంజువి అనుకోవద్దు. పాత పుంజు విత్తనం పెట్ట ఒంట్లో రెండు మూడు వారాలు నిలుస్తుంది. 3 వారాలు ఆగి గుడ్లు ఏరండి. రంగుల లెక్కలు తప్పడానికి ఇదే పెద్ద కారణమని నా నమ్మకం. ఒక పుంజుకి 4, 5 పెట్టలు చాలు. సిల్కీల్లో పిల్ల కట్టని గుడ్లు ఎక్కువ రావడానికి మామూలుగా కారణం వెనకభాగంలో గుబురుగా ఉండే మెత్తటి ఈకలే. పుంజుకీ పెట్టకీ రెంటికీ మలద్వారం చుట్టూ వేలెడు వెడల్పున కత్తిరించండి, పీకకండి. పుంజు కళ్ళ మీద పడే కుచ్చును రబ్బరు బ్యాండుతో వదులుగా పైకి కట్టండి. చూపు లేని పుంజు పెట్ట దగ్గరికే పోదు.

గుడ్లు చల్లటి చోట, సన్నటి కొన కిందికి పెట్టి, వారం దాటకుండా పొదుగుకి వేయాలి. ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో 37.5 డిగ్రీలు, తేమ 45 నుంచి 50 శాతం, రోజుకి కనీసం మూడుసార్లు తిప్పడం. 7వ రోజు చీకట్లో టార్చి పెట్టి చూస్తే ఎర్రటి నరాలు కనిపించాలి. 18వ రోజు తిప్పడం ఆపి తేమ 65 దాటించండి, 21వ రోజుకి పిల్లలు దిగుతాయి. ఏ జత గుడ్డో పెన్సిల్‌తో రాయండి. పిల్లల్ని జతలవారీగా వేరు వేరు అరల్లో దింపాలి, లేకపోతే ఆ రాత వృథా. కాలికి రింగు వేస్తే వారానికోసారి తడిమి చూడండి. కాలి మీది ఈకల కింద రింగు బిగుసుకుపోయి చర్మంలోకి దిగినా పైకి కనపడదు.

నూగు రంగు చూసి ఏ పిల్లనీ తీసెయ్యొద్దు, మొదటి ఈకలు చూసి కూడా వద్దు. పెద్ద ఈకలు 5 నుంచి 7 నెలల మధ్య వస్తాయి. పుంజుల భుజాల మీద లీకేజీ ఇంకా ఆలస్యంగా దిగొచ్చు, 8 నెలలైనా ఆగండి. ఎండ తగిలిన ఈక పసుపెక్కుతుంది. అసలు రంగు తెలియాలంటే పై ఈకలు ఎత్తి లోపలిది చూడండి.

ఇప్పుడున్న పిల్లల సంగతి: రాగి తేలిన పుంజుల్ని జతలకి వాడకండి. వాటి అక్కచెల్లెళ్ళు శుభ్రంగా నల్లగా కనిపించినా ఒక కాపీ తెలుపుని మోస్తున్నాయి, తల్లి కింద దాగిన రంగునీ మోస్తూ ఉండొచ్చు కాబట్టి బ్లూ గూట్లోకి రానివ్వకండి. వాటిని తెల్ల పుంజు దగ్గర వేస్తే సగం పిల్లలు తెల్లగా వస్తాయి. లేదా పొదుగు తల్లులుగా ఉంచుకోండి, ఆ పనిలో సిల్కీకి సాటి లేదు. నల్ల పుంజు శుభ్రమైన నల్ల కుటుంబంలోదైతే దాన్ని మాత్రం వదులుకోవద్దు. దానికి రెండు స్ప్లాష్ పెట్టలు వెతకండి.