సీ భాషలో స్ట్రింగ్ చివరి ఖాళీలను తొలగించినా రెండు పేర్లు ఎందుకు సరిపోలడం లేదు?

ఫైలు నుంచి, ఒక్కో పంక్తిని చదివే ఎఫ్‌గెట్స్ ఫంక్షన్‌తో చదివిన తెలుగు పేరుకు రెండు వైపులా 32వ కోడు గల స్పేస్‌ను తొలగించినా రెండు స్ట్రింగులు ఒకటే అయితే సున్నా ఇచ్చే స్ట్ర్‌కంప్ సున్నా ఇవ్వడం లేదని మీరు రాశారు. ఎఫ్‌గెట్స్ పంక్తి చివరి న్యూలైన్‌ను కూడా స్ట్రింగులోనే ఉంచుతుంది. ఫైలు విండోస్‌లో తయారై, మీరు దానిని లినక్స్‌లో చదువుతున్నట్లయితే దాని ముందు క్యారేజ్ రిటర్న్ సైతం ఉంటుంది కాబట్టి, మీ పేరు వెనుక 13, 10 అనే బైట్లు మిగిలిపోయి ఉండవచ్చు. ఉద్యోగరీత్యా ఇలాంటి పేర్ల జాబితాలను చాలాకాలం సరిచేశాను. అనుమానం వచ్చిన స్ట్రింగును బైటు బైటుగా ముద్రించి చూడనిదే కోడు జోలికి వెళ్లను.

స్పేస్‌తో విడిగా పోల్చడం మాని, ఒక అక్షరం ఖాళీ కిందికి వస్తుందో లేదో చెప్పే ఇజ్‌స్పేస్ వాడండి. డిఫాల్ట్ లొకేల్‌లో, అంటే ప్రోగ్రాం భాషా అమరికను మార్చనప్పుడు, అది స్పేస్‌తో పాటు 9 నుంచి 13 వరకు గల ఐదు కోడ్లను గుర్తిస్తుంది. అయితే దానికి ఇచ్చే విలువను ముందుగా అన్‌సైన్డ్ క్యార్‌గా, అంటే రుణ విలువలు లేని బైటుగా, మార్చి తీరాలి. ‘క’ అక్షరం, అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి అయిన యూటీఎఫ్-8లో 224, 176, 149 అనే మూడు బైట్లు. మామూలు పీసీ కంపైలర్లలో క్యార్ సైన్డ్ (రుణ విలువలు కూడా ఉండేది) కనుక ఆ 224 కాస్తా మైనస్ 32 అవుతుంది, అలాంటి రుణ విలువ ఇస్తే ఏమి జరుగుతుందో సీ భాషా ప్రమాణం చెప్పదు. విజువల్ స్టూడియో డీబగ్ బిల్డు అక్కడే అసర్షన్‌తో (తప్పును పట్టే తనిఖీతో) ఆగిపోతుంది, లినక్స్‌లో సాధారణంగా ఏమీ జరగనట్లే నడిచిపోతుంది. తప్పు అక్కడే బయటపడుతుంది కనుక నాకు మొదటిదే మేలనిపిస్తుంది.

చివరి నుంచి వెనక్కు వచ్చేటప్పుడు పొడవు సున్నా కంటే ఎక్కువగా ఉందో లేదో ముందు చూసి, ఆ తరువాతే చివరి బైటును పరీక్షించండి. లేకపోతే అన్నీ ఖాళీలే ఉన్న పంక్తి దగ్గర బఫర్ (స్ట్రింగు ఉన్న జాగా) మొదలు దాటి వెనక్కు పోతారు. ముందున్న ఖాళీలకు, స్ట్రింగు మొదలును చూపే పాయింటర్‌ను జరిపితే చాలు, కానీ మాలక్‌తో అడిగి తీసుకున్న మెమరీ జాగాను ఫ్రీతో తిరిగి ఇచ్చేటప్పుడు అసలు పాయింటరే కావాలి. స్ట్రింగునే బఫర్ మొదటికి జరపదలిస్తే, చివరి సున్నా బైటుతో సహా మెమ్‌మూవ్‌తో జరపండి; స్ట్ర్‌కాపీ ఒకదానిపై ఒకటి పడే జాగాలకు పనికిరాదు.

ఇంతా చేశాక కూడా పేర్లు కలవకపోతే, వెబ్ పేజీ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే నాన్‌బ్రేకింగ్ స్పేస్ (పంక్తి విరగకుండా ఆపే, మామూలు ఖాళీలాగే కనిపించే అక్షరం) ఉందేమో చూడండి. అది 194, 160 అనే రెండు బైట్లు, డిఫాల్ట్ లొకేల్‌లో ఇజ్‌స్పేస్‌కు పట్టుబడదు. దానిని తీసేటప్పుడు రెండు బైట్లనూ కలిపి పోల్చాలే తప్ప 160ని ఒంటరిగా తీయకూడదు, ఎందుకంటే ‘ఠ’ అక్షరం 224, 176, 160. అలా తీస్తే నీలకంఠ అనే పేరు చివరి అక్షరం విరిగిపోతుంది.